జపనీస్‌లో "అబ్బ, ఎంత హాయిగా ఉందో!" అనాలంటే ఏమనాలి?

"కిమొచి ఈ" అనాలి. చివరి "ఈ" దీర్ఘమే, కుదించకూడదు. వేణ్ణీళ్ల స్నానం, చల్లగాలి, మర్దన లాంటి ఒంటికి తెలిసే సుఖానికి రోజూ వాడే మాట ఇదే. "కిమొచి" అంటే అనుభూతి, "ఈ" అంటే బాగుంది. పెద్దలతోనైతే చివర "దెస్" చేర్చాలి.

సుఖం మరీ ఎక్కువైతే ముందు "సుగొకు", కుర్రకారు మాటలోనైతే "చో" తగిలిస్తారు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ స్వర్ణం గెలిచి, ఈతగాడు కితాజిమా కోసుకె అన్నది "చో కిమొచి ఈ!" అనే. జపాన్ అంతటా ఆ ఏడాది అది మారుమోగింది.

తడబడేది భూతకాలంలో. "ఈ"కి మూలరూపం "యొయి" కాబట్టి "హాయిగా ఉండింది" అనడానికి "కిమొచి యొకత్త" అనాలి, "కిమొచి ఈకత్త" తప్పు.

చాలామంది "కిమొచి" ఒక్కటే సుఖమనుకుంటారు. కాదు, దానికి "వరుయి" చేరితే కడుపులో తిప్పడం, అసహ్యం! పరీక్ష పాసైన సంతోషానికైతే "కిమొచి ఈ" సరిపోదు, అక్కడ "ఉరెషీ" అనాలి. ఇంకో జాగ్రత్త: సందర్భం లేకుండా "కిమొచి ఈ" అంటే శృంగారార్థం రావచ్చు. అందుకే "కజె గ కిమొచి ఈ" (గాలి హాయిగా ఉంది) అని దేని వల్ల హాయో కలిపి చెప్పండి.