తిరునాళ్లలో గుర్రాల పరుగు: ముందు నేల సంగతి చూడండి

కందుకూరు దగ్గర మీ ఊరి తిరునాళ్లకి ఈసారి ఎడ్ల బండలాగుడుతో పాటు గుర్రాల్ని కూడా పరిగెత్తించాలనుకుంటున్నారు. రేస్‌కోర్సు ట్రాక్‌లకి ఉండే ప్రమాణాలు ఏమిటి, చెరువు పక్క బీడు సరిపోతుందా అని మీ ప్రశ్న. నేను కొన్నేళ్లు ఒక రేస్‌కోర్సులో ట్రాక్ పని చేసి వచ్చినవాణ్ణి, ఇప్పుడు కావలి వైపు సేద్యం. ఆ అనుభవంతో చెప్తున్నాను.

నేల ఇంత గట్టిగా ఉండాలని ప్రపంచమంతా ఒప్పుకున్న అంకె ఏదీ లేదు. మన దేశంలో పెద్ద రేసులు పచ్చిక మీద, అమెరికాలో ఎక్కువగా ఇసుక, మట్టి కలిపిన ట్రాక్ మీద జరుగుతాయి. దేని కొలత దానిదే. అందరూ పట్టుబట్టేది మాత్రం ఒకటుంది: ఈ చివర నుంచి ఆ చివర దాకా నేల ఒకేలా ఉండాలి. గుర్రం బరువు 450-500 కిలోలు, వేగం గంటకు 60 కిలోమీటర్ల దాకా పోతుంది. ఆ వేగంలో ముందుకాలు ఒక్కోటి ఒంటి బరువుకి రెండున్నర రెట్లు మోస్తుంది. అంతకుముందు అంగల్లో తగిలిన నేలని బట్టి తర్వాతి అంగ వేస్తుంది. అక్కడ నేల మారిపోతే సర్దుకునే వ్యవధి ఉండదు, సన్నటి ఎముక విరుగుతుంది. అంతా కాస్త గట్టిగా ఉన్నా గుర్రం తట్టుకుంటుంది, అక్కడక్కడా మెత్తగా ఉండటమే ప్రమాదం.

మా దగ్గర రేసు రోజు పొద్దున్నే పెనెట్రోమీటర్‌తో కొలిచేవాళ్లం. కిలో బరువుని మీటరు ఎత్తు నుంచి మూడుసార్లు వదిలితే కడ్డీ నేలలోకి ఎంత దిగిందో చూడటం, అంతే. ఒకచోట కాదు, ట్రాక్ పొడుగునా. గుర్రాలు పోయాక లేచిన పచ్చిక పెళ్లల్ని మట్టితో పూడ్చడం మాకు రోజువారీ పని, చూసేవాళ్లకి తోటపనిలా ఉండేది. అమెరికాలో 2020లో గుర్రప్పందేల భద్రత కోసం చట్టమే చేశారు, ట్రాక్ భద్రతా నియమాలు 2022 జులై నుంచి అమల్లోకి వచ్చాయి. తేమ ఎంత, పై మెత్తటి పొర ఎంత మందం అన్నవి కొలిచి రాసిపెట్టాలి. అంతకుముందు 2019లో కాలిఫోర్నియాలోని శాంటా అనిటాలో ఒకే సీజన్లో 30 గుర్రాలు చనిపోయి పెద్ద గొడవైంది. విచారణలో నేలొక్కటే కారణమని తేలలేదు, చాలా గుర్రాల కాళ్లలో పాత దెబ్బలు ముందే ఉన్నాయి. కానీ ఆ చలికాలమంతా వానలు, ట్రాక్ పదేపదే తడవడం, దాన్ని నొక్కి బిగించడం జరిగాయి.

ఇక మీ బీడు. మీరు చెప్పిన దాన్ని బట్టి నల్లరేగడి. నా మాట వింటే అక్కడ పెట్టొద్దు. మనకి వానలు డిసెంబరు దాకా పడతాయి, సంక్రాంతికి రేగడి పైన ఎండి పెచ్చు కడుతుంది, కింద ఇంకా తేమే. ఎండలు ముదిరితే నెర్రెలు, అందులో గిట్ట ఇరుక్కుంటే చెప్పేదేముంది. మనిషి నడిస్తే ఇవేవీ తెలియవు. ఎర్ర గరప నేల దొరికితే అది ఎంతో నయం.

ఒక తిరునాళ్లలో చూశాను. దుమ్ము లేస్తోందని మొదలుపెట్టే ముందు ట్యాంకర్‌తో నీళ్లు చల్లారు. పైన అరంగుళం బురద, కింద రాయిలాంటి నేల. రెండో పరుగులోనే గుర్రం జారి పడింది, అదృష్టం బాగుండి లేచింది. నీళ్లు పెట్టాలంటే రెండు రోజుల ముందు నిండా తడిపి, పదునుకి వచ్చాక పైపైన గుంటక తోలి చదును చేయాలి. గుంటల్లో ఇసుక పోసి మూయడం ఇంకో పాడు అలవాటు. చుట్టూ ఉన్న మట్టితోనే పూడ్చి దిమ్మిస కొట్టండి. బండ లాగిన దారిలో మాత్రం గుర్రాల్ని తోలొద్దు, బండ రాపిడికి అది నున్నగా బిగుసుకుపోయి ఉంటుంది.

పెనెట్రోమీటర్ కొనక్కర్లేదు. మొన తేలిన ఒకే గడ్డపారని ఒకే ఎత్తు నుంచి పది అడుగులకోసారి నిటారుగా వదిలి, దిగిన లోతు సుద్దతో గుర్తుపెట్టి చూడండి. తేడాగా ఉన్నచోట మళ్లీ తోలండి. మలుపులు వద్దు, తిన్నని దారి చాలు. గెలుపు గీత దాటాక కూడా అదే నేల వంద మీటర్లకు తగ్గకుండా ఉండాలి, చాలా ఊళ్లలో అక్కడే జనం నిలబడతారు. పక్కన ఇనుప రాట్లు, ముళ్లకంచె ఉండకూడదు. రేస్‌కోర్సుల్లో రైలింగ్ కూడా తగిలితే వంగేలా ప్లాస్టిక్‌తో పెడుతున్నారు. గుర్రాలకి నాడాలు ఉన్నాయో లేదో చూడండి, గట్టి నేల మీద నాడాల్లేకుండా నడిపించకూడదని 2001 నాటి ప్రదర్శన జంతువుల నిబంధనల్లోనే ఉంది. పోలీసు అనుమతి, పశువుల డాక్టరు ఎలాగూ తప్పవు, పందెం డబ్బు జోలికి పోకండి.

ముందురోజు రాత్రి వాన పడితే ఆపేసే అధికారం ఎవరిదో కమిటీలో ఇప్పుడే రాసుకోండి. గుర్రాలు వచ్చాక, జనం చేరాక ఆ మాట ఎవరూ అనలేరు. బీడులో రెండు మూడుచోట్ల జానెడు లోతు తవ్వి ఫొటోలు పెడితే ఆ మట్టి పనికొస్తుందో లేదో చూసి చెప్తాను.