లారీ వేబ్రిడ్జి మీద ఏ మూలన నిలిచినా బరువు ఒకేలా ఎందుకు చూపుతుంది?

దీనికి మూలం అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన థాడియస్ ఫెయిర్‌బ్యాంక్స్ 1831లో పేటెంటు పొందిన ప్లాట్‌ఫారం కాటా. జనపనార బళ్లను అంతకుముందు గొలుసులతో పైకెత్తి, దూలానికి వేలాడదీసి తూచేవారు. ఆ పని ఎంతో శ్రమతో కూడినదే కాక, తూకం కూడా నమ్మదగినట్లు ఉండేది కాదు. ఆయన గోతిలో మీటలను అమర్చి, వాటిపై నేలమట్టానికి బల్లను నిలిపారు.

కీలకమంతా ఆ మీటల నిష్పత్తిలోనే ఉంది. బల్ల నాలుగు మూలలూ కత్తి అంచు వంటి ఉక్కు ఆనికల మీద ఆనుతాయి. ప్రతి మూలా తనపై పడిన భారాన్ని ఒకే నిష్పత్తిలో తగ్గించి తూనికకోలకు అందిస్తుంది కనుక, బండి ఒక పక్కకు జరిగితే ఒక మూల వాటా పెరిగి మరొకదాని వాటా తగ్గుతుందే తప్ప మొత్తం మారదు.

నేటి వేబ్రిడ్జిలలో మీటల స్థానంలో బరువును విద్యుత్ సంకేతంగా మార్చే లోడ్ సెల్స్ వచ్చాయి. బరువుకు ఉక్కు దిమ్మె కంటికి కనిపించనంతగా వంగినప్పుడు, దానికి అతికించిన సన్నని లోహపు రేకు సాగి విద్యుత్ నిరోధం మారుతుంది. అన్ని సెల్స్ సంకేతాలనూ కలిపితే బరువు తెలుస్తుంది. స్ట్రెయిన్ గేజ్ అనే ఈ సాధనపు తొలి రూపాన్ని 1938లో అమెరికా ఇంజనీర్లు సిమ్మన్స్, రూజ్ విడివిడిగా కనుగొన్నారు.

అయితే బల్ల అంచున రాయి ఇరుక్కుంటే కొంత భారం నేరుగా గోతి గోడకు చేరి తూకం తగ్గుతుంది. కాబట్టి ధాన్యం, పత్తి అమ్మే రైతులు బండి ఎక్కించే ముందు ఖాళీ కాటా సున్నా చూపడాన్ని, అంచుల శుభ్రతను తప్పక చూసుకోవాలి.