బ్యారెల్ మార్చే ముందు: టెక్సాస్‌లో ఉన్న మేనల్లుడికి

బ్రాడీపేట, గుంటూరు

చిన్నా,

ఆదివారం నువ్వు ఫోన్‌లో చెప్పింది ఇంకా మనసులోనే తిరుగుతోంది. జింక భుజానికి గురిపెట్టావు, తగిలింది పొట్టలో. చీకటి పడేదాకా వెతికినా దొరకలేదన్నావు. అక్కడ నీకు వేట లైసెన్స్ ఉంది, సరే. కానీ గాయంతో పోయిన ఆ జంతువు బాధకి మనమే బాధ్యులం. అందుకే రైఫిల్ బ్యారెల్, అంటే గుండు దూసుకెళ్లే గొట్టం, మార్చాలన్న నీ ఆలోచన నచ్చింది. తొందర మాత్రం నచ్చలేదు.

సైన్యంలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా, 22 ఏళ్లు ఎస్‌ఎల్‌ఆర్ రైఫిళ్లు విప్పి బిగించాను. మా 7.62 తూటాకీ నీ రైఫిల్ వాడే .308 తూటాకీ దగ్గరి చుట్టరికం. "బ్యారెల్ పోయింది సార్" అంటూ నా బల్ల మీదికి వచ్చినవాటిలో చాలావాటికి బ్యారెల్ బాగానే ఉండేది. .308 బ్యారెల్ అరగాలంటే మామూలుగా 5,000 రౌండ్ల దాకా పడుతుంది. నువ్వు ఏడాదికి కాల్చేది 50. సెకండ్ హ్యాండ్ కాబట్టి ముందు యజమాని ఎంత కాల్చాడో తెలియదు, నిజమే. అయినా ముందు ఇది చెయ్యి.

తుపాకీ ఖాళీగా ఉందని కళ్లతో, వేలితో రెండుసార్లు చూసుకుని బోల్ట్ (తూటా వెనక మూసే కడ్డీ) తీసి పక్కన పెట్టు. స్కోప్ (గురిచూసే దుర్బిణి) స్క్రూలు, తుపాకీ చెక్కని పట్టి ఉంచే స్క్రూలు వదులయ్యాయేమో చూడు. తర్వాత ఒక ఇయర్‌బడ్ తీసుకుని గొట్టం మూతి అంచు చుట్టూ లోపలి నుంచి బయటికి లాగు. దూది పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ అంచు దెబ్బతిన్నట్టు. గుండు బయటపడే ఆఖరి క్షణంలో దాన్ని పక్కకి నెట్టేది ఆ చిన్న నొక్కే. మూతి కాస్త కోసి సాఫు చేయిస్తే చాలు, కొత్త బ్యారెల్ అక్కర్లేదు. లోపల రాగి పేరుకున్నా గురి చెదురుతుంది. రాగిని కరిగించే సాల్వెంట్ వేసి, గుడ్డకి నీలం రంగు అంటడం ఆగేదాకా తుడువు.

అప్పటికీ కుదరకపోతే గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) దగ్గర, గొట్టం లోపల చూసే బోర్‌స్కోప్‌తో ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) ముందు భాగం చూపించు. ఎండాకాలం మన నల్లరేగడి చేను బీటలు వారినట్టు ఉక్కు మీద సన్నటి పగుళ్లు ఉంటాయి. కొద్దిగా ఉంటే భయం లేదు. గొట్టం లోపల గుండుని తిప్పే మెలిక గాడుల అంచులు అరిగి చదునైపోతే మాత్రం ఇక మార్చాల్సిందే.

కొత్తది ఎంచుకునేటప్పుడు గుండు బరువు నుంచి మొదలుపెట్టు. నువ్వు వాడేది 150, 165 గ్రెయిన్లు. పది అంగుళాలకి ఒక చుట్టు తిరిగే గాడులు తీసుకో, రేపు 180 వాడినా నిలకడగా పోతుంది. పొడవు 22 అంగుళాలు చాలు. అంతకంటే పెంచితే అంగుళానికి సెకనుకి సుమారు 20 అడుగుల వేగం కలిసొస్తుంది, కానీ పొదల్లో తగులుకుంటుంది. లావు బ్యారెల్ జోలికి పోకు. అది వరసగా 20 కాల్చేవాళ్లకి. నువ్వు చల్లటి గొట్టంతో కాల్చేది ఒక్క గుండు, భుజాన మోసేది రోజంతా. మీ హ్యూస్టన్ తేమకి స్టెయిన్‌లెస్ మేలు.

యూట్యూబ్ చూసి నువ్వే బిగించుకుంటానన్నావు, ఆ పని మాత్రం వద్దు. బోల్ట్ మూశాక తూటాకి ఉండే ఖాళీ సరిగ్గా ఉందో కొలిచే దిమ్మలు ఉంటాయి, గేజ్‌లంటారు. .308 గో గేజ్ 1.630 అంగుళాలు, నో-గో గేజ్ 1.634. మొదటిదాని మీద బోల్ట్ మూసుకోవాలి, రెండోదాని మీద మూసుకోకూడదు. రెండింటికీ తేడా నేను రాస్తున్న ఈ కాగితం మందం. ఆ ఖాళీ ఎక్కువైన రైఫిల్‌లో తూటా కేసు రెండుగా తెగి, గ్యాస్ వెనక్కి కొట్టి ఒక కుర్రాడి చెంప కాలడం కళ్లారా చూశాను. కళ్లద్దాలు పెట్టుకున్నాడు కాబట్టి కన్ను దక్కింది. గేజ్‌లున్న గన్‌స్మిత్‌కే ఇవ్వు, ఎంత అడిగినా ఇవ్వు.

పాత బ్యారెల్‌ని గుర్తుగా ఇంటికి తేవద్దు. అమెరికా ఫెడరల్ చట్టానికి రిసీవరే (బ్యారెల్‌నీ బోల్ట్‌నీ పట్టి ఉంచే భాగం) తుపాకీ, బ్యారెల్ ఒట్టి విడిభాగం. ఇక్కడ 1959 ఆయుధాల చట్టం కింద విడిభాగం కూడా ఆయుధం లెక్కే. గన్నవరంలో దిగి పోలీసులకి జవాబు చెప్పుకునే టెన్షన్ మీ అమ్మకి వద్దు.

కొత్తది బిగించాక స్కోప్ మళ్లీ జీరో చేసుకుని (గురిపెట్టిన చోటే గుండు పడేలా సరిచేసుకుని), వంద గజాల్లో గొట్టం చల్లారనిస్తూ మూడు గుండ్లు కాల్చి ఆ కాగితం ఫోటో పంపు. అంతకంటే ముందు, ఆ ఇయర్‌బడ్‌కి పోగు చిక్కిందో లేదో ఈ రాత్రికే చూసి చెప్పు.

మీ మామయ్య