యేసయ్య మోకాళ్ళు

తమ్ముడికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. దేవరకొండ దగ్గరి పల్లె చర్చిలో బలిపీఠం వెనుక గోడకు బొమ్మ వేసే పెయింటర్ నోట, లిల్లీ పువ్వంటే మరియతల్లి నిష్కళంకత్వమనీ, నీలిరంగంటే పరలోకమనీ, గూడబాతు అంటే క్రీస్తు త్యాగమనీ నాలుగు పేజీల ఎక్కాలు అప్పజెప్పించావు. చదువుతుంటే ఒళ్ళు మండింది. గూడబాతు రొమ్ము చీల్చుకొని పిల్లలకు నెత్తురు తాపుతుందని నమ్మిన ఐరోపావాళ్ళకు ఆ పక్షిని చూడగానే సిలువ గుర్తుకొచ్చేది. అది చెరువులో చేపలు మింగడమే చూసిన మన మనిషికి ఏం గుర్తుకొస్తుంది?

గుర్తుకు అర్థం దాని ముందు నిలబడ్డ మనిషి ఒంట్లోంచే పుడుతుందని ముప్పై ఏళ్ళుగా మొత్తుకుంటున్నాను. జర్మన్ చిత్రకారుడు గ్రూనెవాల్డ్ 1512, 1516 మధ్య, ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉన్న ఇసెన్‌హైమ్‌ ఊళ్ళో, రోగులకు సేవ చేసే అంతోనీయ సన్యాసుల మఠానికి వేసిన సిలువ బొమ్మను చూడు. మన సజ్జకు తేనెబంక తెగులు వచ్చినట్టే అక్కడి రై ధాన్యానికీ తెగులు పట్టేది. ఆ రొట్టె తిన్నవాళ్ళకు కాళ్ళూ చేతులూ మంటలెత్తి, నల్లబడి, కుళ్ళి రాలిపోయేవి. దాన్ని అంతోనివారి అగ్ని అనేవారు. ఆ రోగుల కళ్ళ ముందు నిలిపిన బొమ్మలో క్రీస్తు ఒళ్ళంతా పుండ్లు. మేకులు దిగిన చేతుల వేళ్ళు కొంకర్లు పోయి పైకి విచ్చుకొని ఉంటాయి. కింద గొర్రెపిల్ల రొమ్ములోంచి కారే నెత్తురు పానపాత్రలో పడుతుంటుంది. ఆ గొర్రెపిల్ల అర్థం పాదిరి చెప్పాల్సిందే, కానీ ఆ పుండ్ల సంగతి రోగికి ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. నా మొదటి కథలో, ఫ్లోరైడ్ నీళ్ళకు నడుము వంగిపోయిన మర్రిగూడ వైపు మనిషి ఒకడు గుడ్ ఫ్రైడే ఆరాధన ముగిశాక లేవలేక సిలువ కిందనే కూర్చుండిపోతాడు. ఒక సంపాదకుడు ఆ పేరా మొత్తం కొట్టేసి, పక్కన ఎర్రసిరాతో 'రోగ వర్ణన భక్తికి అడ్డం' అని రాసి, అక్కడ ఒక కొవ్వొత్తి వెలిగించాడు. అచ్చైన ఆ కథను ఇప్పటికీ ఎవరికీ చూపించను. ఆయనకు తరువాత సన్మానాలు కూడా జరిగాయి, అది వేరే ముచ్చట.

నీ కథ పదకొండో పేజీలో, మోకాళ్ళు ముడవలేని ముసలమ్మ కాళ్ళు బార్లా చాపుకొని కూర్చొని, 'యేసయ్య మోకాళ్ళు గింత సక్కగ గీస్తివేంది బిడ్డా' అని పెయింటర్‌ను అడుగుతుంది. అక్కడ నా చేతిలో కాగితం ఆగిపోయింది. నువ్వు మాత్రం ఆగకుండా మళ్ళీ లిల్లీ పువ్వు దగ్గరికి వెళ్ళిపోయావు. అతని కుంచె ఇంకా తడిగానే ఉంది కదా, ఆ మోకాళ్ళను ఏం చేస్తాడో రాసి పంపు.