సీటు మెత్తన కాదు, వెడల్పు చూడండి

ప్రశ్న: నా వయసు 44. కాలేజీ రోజుల తర్వాత మళ్లీ ఇప్పుడే సైకిలెక్కాను. గేర్లున్న హైబ్రిడ్ సైకిల్. పావుగంటకే కూర్చునే చోట నొప్పి, ముందువైపు తిమ్మిరి. జెల్ కవరు తొడిగితే తిమ్మిరి ఇంకా ఎక్కువైంది. లేడీస్ సీటు కొంటే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీరు రాసినవి రెండు వేర్వేరు బాధలండీ. పిరుదుల కింద రెండు ఎముకలు ఆనే చోట నొప్పి కొత్తలో చాలామందికి ఉంటుంది. రోజు విడిచి రోజు 15–20 నిమిషాలు తొక్కుతుంటే రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. తిమ్మిరి సంగతి వేరు. అక్కడి నరాలు, రక్తనాళాలు నొక్కుకుపోతే వస్తుంది. అలవాటైపోతుందని ఎవరన్నా నమ్మకండి.

ముందు ఆ జెల్ కవరు తీసేయండి. ఎముకలు మెత్తలోకి దిగబడే కొద్దీ మధ్యలోని జెల్ పైకి ఉబికి, సరిగ్గా ఒత్తిడి పడకూడని చోటే ఒత్తుతుంది.

కొత్త సీటు కొనేలోపు ఉన్నదాన్ని సరిచేసి చూడండి. గోడ పట్టుకుని సీటు మీద కూర్చుని, పెడలు అట్టడుగుకు వచ్చినప్పుడు దాని మీద మడమ ఆనించండి. కాలు నిటారుగా రావాలి. మడమ అందలేదంటే సీటు ఎత్తు ఎక్కువైనట్టే. తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగి చర్మం ఒరుసుకుపోతుంది. తర్వాత సీటు ముక్కు, అంటే ముందు కొస. అది పైకి లేచి ఉంటే తిమ్మిరికి అదే కారణం కావచ్చు. సీటు కింది బోల్టు అలెన్ కీ అనే ఆరుపలకల కడ్డీతో వదులు చేసి (పాత రకం బిగింపైతే 13 మి.మీ. పానా పడుతుంది) ముందు మట్టసంగా పెట్టండి, చాలకపోతే 1–2 డిగ్రీలు కిందికి దించండి. ఇంకా దించితే ఒళ్లు ముందుకు జారి బరువంతా అరచేతుల మీద పడుతుంది. హ్యాండిల్ మరీ దూరంగా, కిందికి ఉన్నా ముందుకు వంగి తిమ్మిరెక్కుతుంది. మార్చే ముందు పాత స్థానం దగ్గర టేపు అంటించుకోండి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి, లేకపోతే దేనివల్ల తగ్గిందో తెలియదు.

అప్పటికీ తగ్గకపోతే వెడల్పు కొలవాలి. గట్టి స్టూలు మీద అట్టపెట్టె ముక్క పరిచి, పల్చటి బట్టలతో కూర్చుని, కాస్త ముందుకు వంగి ఒక నిమిషం ఉండండి. అట్ట మీద రెండు గుంటలు పడతాయి. ఒకదాని మధ్య నుంచి రెండోదాని మధ్యకు కొలిచి, సుమారు 25 మి.మీ. కలపండి. గుంటల దూరం 125 వస్తే 150 దగ్గర్లో ఉన్న సీటు వెతకాలి. ఆడవాళ్లకు ఈ దూరం సగటున ఎక్కువే గానీ మనిషి మనిషికీ మారుతుంది కాబట్టి లేడీస్ అన్న మాట కంటే ఈ అంకెనే నమ్మండి. మరీ వెడల్పైతే తొడల లోపలివైపు ఒరుసుకుంటుంది. మధ్యలో ఖాళీ వదిలిన సీట్లు తిమ్మిరికి చాలామందికి పనిచేస్తాయి. కొందరికి మాత్రం ఆ ఖాళీ అంచులే గుచ్చుకుంటాయి. అందుకే వారం వాడి చూసి, నచ్చకపోతే మార్చుకోనిచ్చే దుకాణంలోనే కొనండి.

ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ వాడితే లోపల ఇంకేమీ వేసుకోకూడదు. లోదుస్తుల కుట్లే పుండ్లు చేస్తాయి. పైన చుడీదార్ వేసుకోవచ్చు. తొక్కిన ప్రతిసారీ ఉతకండి. సైకిలు దిగాక కూడా గంటల తరబడి తిమ్మిరి ఉన్నా, గడ్డలాగా తగిలినా తొక్కడం ఆపి డాక్టరమ్మకు చూపించుకోండి.