సైన్యం వదిలి ఏళ్లయినా ఆ టెన్షన్ ఒంటిని వదలదా?

"మా నాన్న ఆర్మీలో రిటైరై ప్రొద్దుటూరులో ఉంటున్నారు. ఇప్పటికీ టపాసు పేలితే ఉలిక్కిపడతారు, రాత్రిళ్లు పీడకలలు. ఈమధ్య బీపీ, ఛాతీనొప్పి. వీటికి సంబంధం ఉందా?" అని ఒకరు అడిగారు.

ఉండొచ్చు. ప్రమాదం ఎదురైతే అడ్రినలిన్ పెరిగి గుండె దడదడలాడటం మామూలే, కాసేపటికి సర్దుకోవాలి. పీటీఎస్‌డీ, అంటే భయంకర అనుభవాల తర్వాత మనసుని వదలని ఒత్తిడి జబ్బు ఉంటే అది సరిగా సర్దుకోదు. మనిషి ఇంటికొచ్చినా ఒళ్లు సరిహద్దులో కాపలా కాస్తూనే ఉంటుంది. నిద్ర చెడుతుంది, బీపీ పెరుగుతుంది, రక్తనాళాలు దెబ్బతింటాయి. నిద్ర పట్టాలని మద్యం అలవాటైతే ఇక చెప్పక్కర్లేదు. వియత్నాం యుద్ధకాలంలో సైన్యంలో పనిచేసిన అమెరికా కవలలపై 2013లో ఒక అధ్యయనం వచ్చింది. పీటీఎస్‌డీ ఉన్నవాళ్లలో గుండెజబ్బు రెట్టింపు కన్నా ఎక్కువ. కవలల్లో ఒకరికి పీటీఎస్‌డీ ఉండి ఇంకొకరికి లేనిచోట కూడా తేడా కనిపించింది కాబట్టి అంతా వంశపారంపర్యమే అనడానికి లేదు.

అయినా అన్నిటికీ పాత భయమే కారణం అనుకోకండి. ముందుగా ఛాతీనొప్పికి వెంటనే గుండె పరీక్ష చేయించండి. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డుంటే పాలీక్లినిక్‌లో పీడకలల సంగతీ చెప్పించండి. మన సీమ పెద్దోళ్లు "నాకేమైంది, బాగానే ఉండా" అని కొట్టిపారేస్తారు, అందుకే మీరూ వెంట వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు.