మూత్రంలో మంట.. కల్చర్‌లో ఏమీ లేదంటున్నారు!

ప్రశ్న: మా అమ్మకు 48 ఏళ్లు. బీడీలు చుడుతుంది. ఎనిమిది నెలలుగా మూత్రంలో మంట, పొత్తికడుపులో నొప్పి. గంటకోసారి వెళ్లాల్సి వస్తోంది, రాత్రి కూడా మూడు నాలుగుసార్లు లేస్తోంది. షుగర్ లేదు, స్కానింగ్ నార్మల్. రెండుసార్లు కల్చర్ చేయిస్తే ఇన్ఫెక్షన్ లేదన్నారు. యాంటీబయాటిక్ వేసినప్పుడు కాస్త తగ్గి మళ్లీ మొదలవుతోంది. అంతా టెన్షనే అని ఒక డాక్టర్ అన్నారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, మెట్‌పల్లి

జవాబు: టెన్షన్‌తో ఈ బాధ పెరిగే మాట నిజమే. కానీ అంతా టెన్షనే అని తేల్చేయడం సరికాదమ్మా. కల్చర్ అంటే మూత్రంలోని క్రిములను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష. అందులో ఏమీ పెరగలేదంటే మామూలు బ్యాక్టీరియా దొరకలేదని అర్థం. అంతమాత్రాన జబ్బే లేదనుకోకూడదు.

ముందు పాత రిపోర్టులు తీసి పస్ సెల్స్ (చీము కణాలు) ఎన్ని ఉన్నాయో చూడండి. అవి ప్రతిసారీ ఎక్కువగా ఉండి కల్చర్‌లో ఏమీ రాకపోతే, మన దగ్గర మూత్రకోశ టీబీని తప్పకుండా అనుమానించాలి. మామూలు కల్చర్‌లో టీబీ క్రిమి పెరగదు. దానికి వరుసగా మూడు రోజులు పొద్దున్నే వచ్చే మొదటి మూత్రాన్ని విడిగా పరీక్షకు ఇవ్వాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ పరీక్ష ఉచితమే. ఇంకో సంగతి, యాంటీబయాటిక్ వాడుతుండగా ఇచ్చిన మూత్రంలో క్రిములు ఉన్నా బయటపడకపోవచ్చు. మీరు ఎప్పుడు ఇచ్చారో గుర్తు చేసుకోండి.

మీరు రాయలేదు గానీ, అమ్మకు నెలసరి ఆగిపోయే వయసు. ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తగ్గి ఆ భాగం పొడిబారినా అచ్చం ఇలాగే మండుతుంది. ఆడవాళ్లు ఇది చెప్పుకోవడానికి సిగ్గుపడతారు. గైనకాలజిస్టు చూసి అవసరమైతే లోపల రాసే క్రీమ్ ఇస్తారు.

ఇవేవీ కావని తేలితే, మూత్రం నిండుతున్నకొద్దీ నొప్పి పెరిగి, పోసుకున్నాక తగ్గుతుంటే, అది మూత్రాశయ నొప్పి జబ్బు కావచ్చు. ఇది అంటుకునేది కాదు, క్యాన్సరూ కాదు. పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేను గానీ చాలామందిలో అదుపులోకి వస్తుంది. దీనికి యాంటీబయాటిక్‌తో పనిలేదు. మెడికల్ షాపులో అడిగి కోర్సు మీద కోర్సు వాడటం ఆపండి.

మూడు రోజులు ఒక నోట్‌బుక్‌లో అమ్మ ఏం తాగింది, ఎప్పుడు వెళ్లింది, ఎప్పుడు మండింది రాయండి. చాయ్, పచ్చి పులుసు, టమాటా, కారం.. వీటిలో ఏది పడటం లేదో అందులోనే దొరుకుతుంది. అన్నీ ఒకేసారి మానేయక్కర్లేదు. మన ఊళ్లలో మంట అనగానే వేడి చేసిందని నిమ్మరసం ఇస్తారు. ఈ జబ్బులో కొందరికి అది పుండు మీద కారం చల్లినట్టే. మజ్జిగ, బార్లీ నీళ్లు చాలామందికి పడతాయి.

వెయ్యి బీడీల లెక్క పూర్తయ్యేదాకా లేవకుండా బిగబట్టి కూర్చోవడం, మాటిమాటికీ లేవాల్సి వస్తుందని నీళ్లే తాగకపోవడం, రెండూ చెడ్డవే. చిక్కబడ్డ మూత్రం ఇంకా మండుతుంది. రోజంతా కొద్దికొద్దిగా తాగించి, రాత్రి పడుకునే ముందు తగ్గించండి. నొప్పి ఎక్కువైనప్పుడు పొత్తికడుపు మీద వేడి నీళ్ల కాపడం హాయినిస్తుంది. ఫోన్‌లో చూసి కటి కండరాలు బిగించే వ్యాయామాలు మాత్రం చేయించొద్దు. కండరాలు ముందే బిగుసుకుపోయి ఉంటే నొప్పి పెరుగుతుంది.

వీటితో తగ్గకపోతే ఆ నోట్‌బుక్, రిపోర్టులు తీసుకుని యూరాలజిస్టును కలవండి. రాత్రిపూట తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ లాంటి మందు ఇవ్వవచ్చు, అవసరమైతే సిస్టోస్కోపీ (సన్నటి గొట్టంతో మూత్రాశయం లోపల చూసే పరీక్ష) చేస్తారు. గ్లాకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు), గుండె జబ్బు ఉంటే ఆ మందు రాయకముందే చెప్పాలి. మూత్రం ఎర్రగా వచ్చినా, చలిజ్వరంతో నడుం పక్కన నొప్పి వచ్చినా ఈ వరుస చూసుకోకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.